నిలబడుడు ప్రూఫ్ కాదు

ఆదివారం వచ్చిందంటే అండాలమ్మకు ఊపిరి సలపదు. చైతన్యపురిలో కోచింగ్ పిల్లలుండే ఒక హాస్టల్‌లో ఆమె వంటమనిషి. మిగతా రోజులు పప్పు, చారు, ఒక కూరతో గడిచిపోతాయి గానీ, ఆదివారం కోడికూర, బగారన్నం లేకపోతే పిల్లలు ప్లేట్లు మోగిస్తారు. తెల్లారకముందే లేచి, వాకిట్లో నీళ్ళు చల్లి, ముగ్గేసి, చాయ్ తాగి, మెయిన్ రోడ్డు దాటి హాస్టల్‌కు పోయేది. పెద్ద గిన్నెలు దించి, పిల్లల తిండ్లు అయినంక ఇంటికొచ్చేది.

ఓటర్ల జాబితా తెరిచే ఆదివారాలు మాత్రం ఇంకో గ్లాసు చాయ్ ఎక్కువ పెట్టేది. ఆ రోజుల్లో మట్టయ్య ఇంటికి వస్తాడు.

మట్టయ్య ఆమె భర్త. కొత్తపేట పండ్ల మార్కెట్‌లో హమాలీగా బతికి, ఒక వానాకాలం గుండె ఆగి చనిపోయాడు. చనిపోయినా జాబితాలో పేరు అట్లాగే ఉండిపోయింది. ఎలక్షన్లు దగ్గరికొచ్చే ముందు సర్కారు కొన్ని ఆదివారాలు బళ్ళో టేబులు వేయించి, జాబితా తెరిపించి, ఎవరి పేరు ఉందో లేదో చూసుకొమ్మంటుంది. పేరు మిగిలిపోయిన చనిపోయినవాళ్ళు ఆ రోజుల్లో ఇళ్ళకు వచ్చి, సాయంత్రం టేబులు ఎత్తేసే వేళకు వెళ్ళిపోతారు. మూల మీది కిరాణా దుకాణం పెద్దాయన వచ్చి గల్లాపెట్టె పక్కన కూర్చునేవాడు. ఆ ఆదివారాలు పాలబ్బాయి గడప గడపకూ అడిగి మరీ ఓ ప్యాకెట్ ఎక్కువ వేసిపోయేవాడు.

మొదటిసారి అతన్ని గుమ్మంలో చూసినప్పుడు చలికాలం. నీలం లుంగీ, భుజం మీద తువ్వాల, ఒంటి నిండా బత్తాయి వాసన.

"ఒచ్చినవా?" అన్నది అండాలమ్మ.

"పేరు పిలిచిండ్రు. ఒచ్చిన."

"కాళ్ళు కడుక్కో. చాయ్ పెడ్తా."

పై వాటాలో ఉండే ఇంటి ఓనరు రామమోహనరావు మెట్లు దిగుతూ, "ఏం మట్టయ్యా, బావున్నావా?" అని పలకరించి పేపరు కోసం గేటు దగ్గరికి పోయాడు. ఆయనది తెనాలి పక్క ఊరు. టెలిఫోన్ల ఆఫీసులో పనిచేసి, ఇక్కడే ఇల్లు కట్టుకుని, ఇక్కడే రిటైరయ్యాడు. తెలంగాణ మాటెత్తితే అండాలమ్మతో గొడవకు దిగేవాడు గానీ, కిరాయి కోసం ఒక్కనాడూ గొంతు పెంచలేదు.

ఆ మధ్యాహ్నం మొగుడూ పెళ్ళాలిద్దరూ గల్లీ చివర బడికి పోయారు. టేబులు వెనక కూర్చున్నది సూర్యప్రభ. అంగన్వాడీ టీచరు. జాబితా పని ఆమె మీద అదనంగా వేశారు. స్కేలు పెట్టుకుని ఒక్కో వరుసా చదువుతూ వచ్చి, "మట్టయ్య... ఉన్నది తాతా," అన్నది. వేలు ఒక వరుస కిందికి దిగి ఆగిపోయింది.

"ఏమైంది బిడ్డా?" అన్నది అండాలమ్మ.

"అమ్మా, నీ పేరు కొట్టేసి ఉన్నది. పక్కన 'మరణం' అని రాసిండ్రు."

జరిగింది అర్థం కావడానికి పెద్ద చదువులేం అక్కర్లేకపోయింది. మట్టయ్య చనిపోయిన ఏడాది అల్లుడు చావు సర్టిఫికెట్ తీసుకుపోయి ఇచ్చి వచ్చాడు. పై వాటా నంబరు వేరు. కింది వాటా నంబరు మీద వీళ్ళవి రెండే పేర్లు, ఒకదాని కింద ఒకటి. ఎవడో గీత గీసేటప్పుడు స్కేలు ఒక వరుస కిందికి జారింది. పైన చనిపోయినవాడు బతికి ఉన్నాడు. కింద బతికి ఉన్నది చనిపోయింది.

మట్టయ్య తల గోక్కున్నాడు. "నా గీత నీమీద పడ్డదేందే," అన్నాడు.

"దిద్దు బిడ్డా," అన్నది అండాలమ్మ.

"ఇట్ల దిద్దనియ్యరమ్మా. కొత్త ఓటరు లెక్క దరఖాస్తు పెడదాం. నేనే నింపిస్తా."

"నేను కొత్త ఓటరునా? గీ పిల్లలు పుట్టకముందుకెల్లి ఓటేస్తున్న నేను."

"దరఖాస్తుల గట్లనే రాయాల్నమ్మా. నా చేతులేమున్నది చెప్పు."

సూర్యప్రభ మంచి పిల్ల. కష్టపడి నింపింది. ఫోటో అంటించింది. అండాలమ్మ సంతకం పెట్టింది. కొద్ది వారాలకు ఆ దరఖాస్తు తిరిగొచ్చింది. కారణం ఒకటే మాట: దరఖాస్తుదారు మరణించారు. రామమోహనరావు కళ్ళజోడు సర్దుకుని రెండోసారి నింపాడు. రెండోసారీ అదే మాట. చనిపోయిన మనిషి దరఖాస్తు ఎట్లా పెట్టుకుందని రాసినవాడికి అనుమానమే రాలేదు.

అండాలమ్మకు కోపం వచ్చింది. మామూలుగా వచ్చే కోపం కాదది. మామూలు కోపం ఆమెకు కందిపప్పు ఉడకకపోయినా వచ్చేది, గ్యాస్ బండ ఆలస్యమైనా వచ్చేది, గిన్నె దించేసరికి పోయేది. ఇది పోలేదు. అన్నం గంజి వార్చేటప్పుడు చేతుల్లో ఉండేది, రాత్రి దుప్పటి కప్పుకుంటే కాళ్ళ దగ్గర ఉండేది.

ఎందుకంటే ఓటు సంగతి ఆమెకు వేరే. నల్లగొండ పక్క పల్లెలో కొత్త కోడలుగా ఉన్నప్పుడు మొదటి ఓటు వేసింది. పట్వారీ మనిషి వచ్చి ఇంటింటికీ చెప్పిపోయాడు ఏ గుర్తు మీద ముద్ర వేయాలో. అత్త కూడా చెప్పింది. దారి పొడుగునా మట్టయ్య చెప్పాడు. బళ్ళోకి పోయి, గోనెపట్టా అడ్డం కట్టిన మూలలో నిలబడ్డప్పుడు వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. పుట్టి బుద్ధి తెలిసినప్పటి నుంచి ఎవరూ చూడని చోట ఆమె నిలబడ్డది అదే మొదలు. తనకిష్టమైన చోట ముద్ర గుద్ది, కాగితం మడిచి, డబ్బాలో వేసి, బయటికొచ్చి, "నువ్వు చెప్పిందే ఏసిన," అని అందరికీ చెప్పింది. పల్లె విడిచి పట్నమొచ్చినా, ముద్ర పోయి మిషన్ వచ్చినా, ఆ మూల మాత్రం ఆమెదే. ఇంత బతుకులో ఆమె సొంతమైన జాగ అదొక్కటి. దాన్నిప్పుడు ఎవడో స్కేలుతో గుంజుకుపోయాడు.

ఢిల్లీలో తెలంగాణ బిల్లు పాసైన సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తా అంతా గులాలు, పటాకులు. హాస్టల్ పిల్లలు అండాలమ్మను కూడా గుంజుకుపోయి ఎగిరించారు. సకల జనుల సమ్మెలో కొత్తపేట రోడ్డు మీద రాళ్ళ పొయ్యి పెట్టి వంటావార్పు చేసినప్పుడు పెద్ద అన్నం గంజు దించింది ఆమే. పోలీసులు పొయ్యి తన్నేస్తే మళ్ళీ వెలిగించిందీ ఆమే. ఆ ఎగురుడులో ఆమె నవ్వింది, ఏడ్చింది, గొంతు పోయేదాకా అరిచింది. పొద్దున లేచాక గుర్తొచ్చింది: కొత్త రాష్ట్రంలో మొదటి ఎలక్షన్లకు తన పేరు లేదు.

పార్టీలవాళ్ళకు ఆ సంగతి ఆమెకన్నా ముందే తెలిసినట్టుంది. జాబితా చేతిలో పట్టుకుని గల్లీలోకి వచ్చిన పిల్లలు ఆమె గడప ముందు ఆగి, కాగితం చూసి, "మట్టయ్య తాత ఉన్నడా అవ్వా?" అని అడిగారు.

"ఆదివారం ఒస్తడు. నాకు చెప్పుర్రి, నేనున్న గద."

"నీ ఓటు లేదు గదవ్వా," అని చెప్పి, పక్కింటి తలుపు కొట్టారు. ఆమె చేతిలో కరపత్రం కూడా పెట్టలేదు.

ఆ మాటతో అండాలమ్మ హాస్టల్‌కు సెలవు పెట్టి, ఎల్బీనగర్ అవతల ఓటర్ల పని చూసే ఆఫీసుకు బస్సెక్కింది. రామమోహనరావు చెప్పులేసుకుని వెంట వచ్చాడు. "మీ తెలంగాణ నాకిష్టం లేదమ్మా, ఆ మాట మీ మొహానే చెప్పా. అంతమాత్రాన మీ ఓటు తీసేస్తే చూస్తూ ఊరుకుంటానా?" అన్నాడు బస్సులో, నలుగురూ తిరిగి చూసేట్టు.

ఆఫీసులో దశరథ అనే సారు ముందు నిలబడ్డారు. మర్యాదస్థుడే. కంప్యూటరు చూసి, ఫైలు తెప్పించి, నిమ్మళంగా చెప్పాడు.

"మీరు చనిపోయినట్టు రికార్డుల ఉన్నది."

"నీ ముందట నిలబడ్డ గద సారూ."

"నిలబడుడు ప్రూఫ్ కాదమ్మా."

"మరేంది ప్రూఫ్?"

"రికార్డు."

"గా రికార్డు తప్పని చెప్పనీకె ఒచ్చిన."

"తప్పని రికార్డుల ఉండాలె గద."

రామమోహనరావు ముందుకు వంగాడు. "అయ్యా, ఆ ఫైల్లో డెత్ సర్టిఫికెట్ ఉంటుంది కదండీ, ఒకసారి చూడండి. మట్టయ్య అని రాసుంటుంది. పురుషుడు అని రాసుంటుంది. ఈవిడ పురుషుడా?"

దశరథ సారు చూశాడు. అంతా రాసే ఉంది. అతని మొహంలో ఒక్క క్షణం మనిషి కనబడ్డాడు. మళ్ళీ ఆఫీసరు వచ్చాడు. "ఈ ఇంట్ల ఒక్కటే చావు, ఒక్క పేరే కొట్టేసినం. లెక్క సరిపోయింది. అమ్మ పేరు మళ్ళీ ఎక్కించాలంటే ఆ చావు ఎవలిదో వాళ్ళ పేరు మీదికి పోవాలె. అంటే మట్టయ్య పేరు తీసెయ్యాలె. దానికి ఆ ఇంట్ల ఓటరు ఒకరు దరఖాస్తు పెట్టాలె."

"నేను పెడ్త," అన్నది అండాలమ్మ.

"మీరు ఓటరు కాదు గదమ్మా."

"బిడ్డ పెడ్తది."

"బిడ్డ ఓటు ఎక్కడ?"

"అల్మాస్‌గూడల."

"అది వేరే నియోజకవర్గం. ఈ ఇంటి నంబరు మీద జాబితాల ఇప్పుడున్న ఓటరు ఒక్కరే." పేరు కోసం స్క్రీన్ చూశాడు. "మట్టయ్య."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, కొత్తపేట దాటినాక రామమోహనరావు కిటికీలోంచి బయటికి చూస్తూ, "ముప్పై ఏళ్ళు గవర్నమెంటు ఉద్యోగం చేశానమ్మా," అన్నాడు. "సిగ్గేస్తోంది."

సంగతి విని కూతురు కృష్ణకుమారి అల్మాస్‌గూడ నుంచి ఆటోలో వచ్చింది. తండ్రి వచ్చే ఆదివారాలు పిల్లల్ని తీసుకుని రావడం, ఆయన పక్కన కూర్చుని మార్కెట్ కథలు చెప్పించుకోవడం ఆమెకు అలవాటైంది. చిన్నపిల్ల పుట్టినప్పుడు ఆయన లేడు. ఆ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నది ఈ ఆదివారాల్లోనే.

"పేరు తీసేస్తే బాపు ఇంక రాడు, ఎరుకేనా నీకు?" అన్నది గుమ్మంలో నిలబడే.

"ఎరికే."

"ఓటు కోసం బాపును మళ్ళ సంపుతవా అమ్మా? ఒక్క ఓటు! ఆ బటన్ ఒత్తకుంటె నీకేం తక్కువైంది?"

"నన్నెవడో సంపిండు గద. అది నీకు తక్కువనిపిస్తలేదా?"

"నువ్వు నా ముందట కూసోని కూర తరుగుతున్నవ్."

"గా సారు ముందట గూడ నిలబడ్డనే. ఏం ఫాయిదా అయింది?" కత్తిపీట పక్కకు జరిపింది అండాలమ్మ. "ఇయ్యాల ఓటు లేదన్నరు. రేపు పింఛనుకు పోతె సచ్చిపోయినవంటరు. దవాఖానకు పోతె సచ్చిపోయినవంటరు. నువ్వు బాపు కోసం ఏడుస్తున్నవ్, బానే ఉన్నది. నేను బతికుండంగ నా కోసం ఏడ్వనీకె ఎవలన్న ఉన్నరా?"

కృష్ణకుమారి గుమ్మం దిగింది. పిల్లల్ని తీసుకుని, తిరిగి చూడకుండా పోయింది.

ఆ మాట అండాలమ్మకు గుచ్చుకోలేదని కాదు. ఆయన పోయినంక ఒంటిగా తిన్న అన్నం ఎట్లుంటదో ఆమెకు తెలుసు. గుమ్మం మీద కూర్చుని చాయ్ ఊదుకుంటున్న మనిషిని చూస్తుంటే ఇల్లు ఇల్లులాగ ఉండేది. ఇద్దరిలో ఒక్కరే ఉండాలని, ఎవరుండాలో నువ్వే చెప్పమని అడిగిన సర్కారు మీద ఆమె కడుపు మండిపోయింది. తప్పు చేసింది వాళ్ళు, తేల్చుకోవాల్సింది ఆమెనా?

నామినేషన్లకు ముందు ఆఖరి ఆదివారం. జాబితా తెరిచారు. మట్టయ్య వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. అండాలమ్మ చాయ్ ఇచ్చి, ఆఫీసులో జరిగింది మొత్తం చెప్పింది. బిడ్డ అన్నదీ చెప్పింది. ఏం చేద్దామని మాత్రం అడగలేదు.

మట్టయ్య చాయ్ సగం తాగి గ్లాసు కింద పెట్టాడు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో నల్లగొండలో తగిలిన లాఠీకి ఆయన మోకాలు వంకర పోయింది. బరువు మోసినన్నాళ్ళూ ఆ కాలు ఈడుస్తూనే మోశాడు. చనిపోయినా ఆ వంకర పోలేదు. దాన్ని చేత్తో రుద్దుకున్నాడు.

"నాకూ ఉండెనే," అన్నాడు. "గీ ఒక్కసారి ఏసి పోదామని. కాలు ఇరిగినప్పటి నుంచి అనుకున్న ఓటు."

"ఎయ్యి మరి. నేనొద్దన్ననా?"

"ఏసి ఏం జేస్త? నా ఓటుతోని గెలిచినోడు నాకేం జేస్తడు? నల్లా నీళ్ళు నాకొస్తయా, రేషన్ నాకొస్తదా? గీ ఐదేండ్లు బతికేది నువ్వు." లేచి తువ్వాల దులుపుకున్నాడు. "చెప్పులేసుకో. పోదాం పా."

ఆ ఆదివారం ఆఫీసు తెరిచే ఉంది. దశరథ సారు ముందు, వెంట వచ్చిన రామమోహనరావుతో కలిపి ముగ్గురూ నిలబడ్డారు. మట్టయ్య చేతులు కట్టుకుని చెప్పాడు.

"నేను సచ్చిన సారూ. నా పేరు కొట్టెయ్యి."

దశరథ సారు అతన్ని కింది నుంచి పై దాకా చూశాడు. "ఎట్ల కొట్టెయ్యాలె? నా ముందట నిలబడ్డవ్ గద. నిలబడ్డ మనిషిని సచ్చిండని రాస్తె రేపు నా నౌకరి పోతది."

అండాలమ్మ టేబులు మీద రెండు చేతులూ ఆనించింది. ఆ చేతులు వందమందికి అన్నం వండే చేతులు. టేబులు కదిలింది. పెన్నుల గ్లాసు పడిపోయింది.

"ఏమంటివి సారూ? మళ్ళ చెప్పు. నేను నిలబడితె ప్రూఫ్ కాదంటివి. ఆయన నిలబడితె ప్రూఫా? పానమున్న దానికి కాయితం కావాల్నా? పానం లేనోనికి కాళ్ళుంటె సాలా? ఏం, మా ఆయన మొగోడని నిలబడుడు నీకు ఆన్తున్నదా? రోడ్డు మీద పొయ్యి పెట్టినప్పుడు కనబడ్డ, లాఠీ పట్టినోనికి కనబడ్డ, సారువాళ్ళ పిల్లలకు వండి పెట్టంగ కనబడ్డ. గీ ఒక్క కాయితంల కనబడనా? ఆ గీత గీసినోన్ని పిలువు. నా ముందట గియ్యమను. నేను సచ్చిపోయిన్నని నా మొఖం చూసి చెప్పమను!"

లైనులో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. వెనక ఎవరో ముసలాయన, "సరిగ్గ అడిగింది," అన్నాడు. ఇంకెవరో, "మా అవ్వది గూడ గట్లనే కొట్టేసిండ్రు," అన్నారు. మాట మాటకూ లైను ముందుకు జరిగి టేబులు చుట్టూ గుమిగూడింది. దశరథ సారు చెమట తుడుచుకుని, కుర్చీలో సర్దుకుని, సొరుగులోంచి ఒక దరఖాస్తు తీశాడు.

"అభ్యంతరం ఎవలు చెప్తున్నరు?" అన్నాడు, తలెత్తకుండా.

"మట్టయ్య," అన్నాడు మట్టయ్య.

"ఎవలి పేరు మీద?"

"మట్టయ్య."

"కారణం?"

"సచ్చిండు."

సారు రాశాడు. మట్టయ్యకు సంతకం వచ్చు. మార్కెట్‌లో నేర్చుకున్నాడు. పెన్ను గట్టిగా పట్టుకుని, ఒక్కో అక్షరం దిద్దినట్టు పెట్టాడు. దాని కిందే అండాలమ్మ దరఖాస్తు పెట్టి రెండింటికీ కలిపి రామమోహనరావు పిన్ను కొట్టాడు.

బయటికొచ్చి ముగ్గురూ చెరుకు రసం తాగారు. మట్టయ్య ఐసు వద్దన్నాడు, పళ్ళు జివ్వుమంటాయని. ఎండ దిగుతోంది. బళ్ళో టేబులు ఎత్తేసే వేళ అవుతోంది. గల్లీ మొదట్లోకి వచ్చేసరికి ఆయన నడక నెమ్మదైంది.

"బిడ్డ మీద కోపం పెట్టుకోకు," అన్నాడు.

"అదే నా మీద పెట్టుకున్నది."

"పోతదిలే. నీ తీరుగనే ఒచ్చింది దానికి కోపం."

అండాలమ్మ ఏదో అనబోయి పక్కకు తిరిగింది. రామమోహనరావు ఒక్కడే నడుస్తున్నాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఆమె అక్కడే కాసేపు నిలబడి, తర్వాత హాస్టల్‌కు పోయి రాత్రికి చపాతీ పిండి కలిపింది. ఆ రాత్రి పిండి ఎంత గట్టిగా పిసికిందంటే, చపాతీలు దూదిలాగ వచ్చాయని పిల్లలు రెండేసి ఎక్కువ తిన్నారు.

ఓట్ల రోజు పొద్దున్నే, బడి గేటు తెరవకముందే, అండాలమ్మ లైనులో నిలబడింది. సూర్యప్రభ ముందు రోజే చీటీ ఇచ్చిపోయింది. అదనపు జాబితాలో చివర, వరుస నంబరుతో సహా పేరు ఎక్కింది. పార్టీల ఆటోలు గల్లీలోకి వచ్చిపోతున్నాయి. పేరు మిగిలిన చనిపోయినవాళ్ళను కొందరిని ఆటోల్లో తీసుకొచ్చి జాగ్రత్తగా దించుతున్నారు. కిరాణా పెద్దాయనకు ఒక పిల్లవాడు గొడుగు పట్టాడు. ఆయన ఓటు ఎటు పడుతుందో అందరికీ తెలుసు కాబట్టి ఏ ఏజెంటూ అడ్డం చెప్పలేదు. అండాలమ్మ అది చూసి పళ్ళు కొరికింది. ఆ లైనులో వంకర కాలుతో నిలబడాల్సిన మనిషి ఒకడు లేడు.

లోపల కూర్చున్న అతను చీటీ తీసుకుని, జాబితాలో వెతికి, ఏజెంట్లకు వినబడేట్టు గట్టిగా చదివాడు.

"అండాలమ్మ. భర్త మట్టయ్య."

ఆడవాళ్ళ పేరు ఆ జాబితాలో ఒంటరిగా ఉండదు. భర్త పేరో తండ్రి పేరో పక్కన రాస్తారు. ఏజెంట్లు టిక్కు పెట్టుకున్నారు. ఎవరూ కాదనలేదు. ఆమె ఎడమ చేయి చాపింది. సిరా చల్లగా తగిలింది. అట్ట అడ్డం పెట్టిన మూలలోకి పోయి నిలబడ్డది. అక్కడ ఆమె కొంచెం ఎక్కువసేపే ఉందని, "అయిందా అమ్మా?" అని అడగాల్సి వచ్చిందని తర్వాత ఏజెంట్లు చెప్పుకున్నారు. బీప్ వినబడింది.

బయటికొచ్చి గేటు దాటేసరికి, ఓటు లేనివాళ్ళు రావొద్దని ముగ్గుతో గీసిన గీతకు అవతల మట్టయ్య నిలబడి ఉన్నాడు. నీలం లుంగీ, భుజం మీద తువ్వాల.

అండాలమ్మ ఆగింది. "నీ పేరు తీసేసిండ్రు గద?"

"తీసేసిండ్రు. లోపటికి రానిస్తలేరు." గడ్డం గోక్కున్నాడు. "నిన్ను పిలిస్తె నా పేరు గూడ పిలిచిండ్రు. ఒచ్చిన."

ఆమె ఆయన వైపు చూసింది. అంటే తను ఉన్నన్నాళ్ళూ, ఆ కాగితంలో తన వరుస ఉన్నన్నాళ్ళూ, ఎవరైనా ఆ పేరు చదివిన ప్రతిసారీ ఆయన వస్తాడు. ఆ సంగతి ఏ ఆఫీసులోనూ ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఇన్ని రోజులు బిడ్డ మాట్లాడకుండా ఉండేది కాదు. కొంగుతో మొహం తుడుచుకుంది.

"పా, ఇంటికి పోదాం," అన్నాడు మట్టయ్య. "చాయ్ తాగుదాం."

అప్పుడే వెనక నుంచి ఏడుపు వినబడింది. ఇస్త్రీ బండి సుమిత్రమ్మ. చేతిలో గుర్తింపు కార్డు పట్టుకుని, గేటు పక్క గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పొద్దటి నుంచి లైనులో నిలబడి, లోపలికి పోయి, తిరిగి వచ్చింది.

"ఏమైందే?" అన్నది అండాలమ్మ.

"పేరు లేదంటున్నరు అక్కా. ఊరు ఇడిసి పోయిన్నని రాసిండ్రట. ఏడికి పోయిన నేను? పదేండ్ల సంది గీ మూల మీదనే ఇస్త్రీ చేస్తున్న."

"లోపల అడిగినవా?"

"పో పో అన్నరు."

అండాలమ్మ ఇంటి తాళం తీసి మట్టయ్య చేతిలో పెట్టింది. "నువ్వు పో. ఫోను ఇంట్ల ఉన్నది, కృష్ణకుమారికి చెయ్యి, ఒచ్చిన్నని చెప్పు. పిల్లల్ని తోల్కొని రమ్మను."

"నువ్వు?"

"నాకు పనున్నది."

సుమిత్రమ్మ చేయి పట్టుకుని మళ్ళీ గేటు వైపు తిరిగింది. కానిస్టేబులు లాఠీ అడ్డం పెట్టాడు.

"అమ్మా, మీ ఓటైంది గద. ఇంటికి పోవాలె."

"నా ఓటైంది," అన్నది అండాలమ్మ, లాఠీని పక్కకు జరుపుతూ. "ఈమెది కాలే."